నాలుగడుగుల అక్వేరియానికి గట్టి కర్ర స్టాండు ఇంట్లోనే చేసుకోవటం ఎలా

రంపం పట్టుకునే ముందు ఒక చిన్న లెక్క చూడండి. ట్యాంకు కొనేటప్పుడు చేపల గురించి ఆలోచిస్తాం, ఫిల్టర్ గురించి ఆలోచిస్తాం, లైటు ఏ రంగులో ఉండాలో దాని మీద ఇంట్లో గొడవ కూడా పడతాం గానీ, బరువు సంగతి మాత్రం నీళ్ళు పోశాకే గుర్తొస్తుంది. 4 అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ట్యాంకంటే 9 ఘనపుటడుగులు. ఒక్కో ఘనపుటడుగుకి 28.3 లీటర్లు పడతాయి కాబట్టి అంచుదాకా నింపితే 255 లీటర్లు, అంటే 255 కిలోలు. 10 ఎంఎం గాజైతే ఖాళీ ట్యాంకే 50 కిలోల పైన తూగుతుంది. అడుగున పోసే ఇసుకా రాళ్ళూ ఇంకో 30 వేసుకోండి. మొత్తం దగ్గరదగ్గర 340 కిలోలు. మన లెక్కలో చెప్పాలంటే 75 కిలోల ధాన్యం బస్తాలు నాలుగున్నర తెచ్చి హాల్లో ఒక బల్ల మీద పేర్చి ఏళ్ళ తరబడి దించకుండా ఉంచటం అన్నమాట.

నాకీ లెక్క ఆలస్యంగా అర్థమైంది. మొదట్లో నాది రెండున్నర అడుగుల ట్యాంకు, నీళ్ళు 90 లీటర్లు కూడా పట్టదు, ఏముందిలే అని పాత టీవీ టేబుల్ మీద పెట్టేశా, అది పైకి టేకులా కనపడుతుంది గానీ లోపలంతా పొట్టు అదిమిన పార్టికల్ బోర్డు. ఏడు నెలలకి మధ్యలో కొద్దిగా కుంగింది, నేను చూశాను కూడా, చూసి ఊరుకున్నా. ఒకరోజు తెల్లవారుజామున కింద ఫ్లాట్ ఆంటీ ఫోన్ చేసి "ఏవండీ, మా బాల్కనీలోకి నీళ్ళు కారుతున్నాయి, ట్యాప్ వదిలేశారా" అంటే లేచి చూస్తే హాలంతా చెరువు, ట్యాంకు మూలన జానెడు బీట. ఐదు గోల్డ్ ఫిష్‌లో మూడిటిని బకెట్లో వేసి బతికించుకున్నా. ఆ తర్వాత నాలుగడుగుల ట్యాంకుకి వెళ్ళేటప్పుడు స్టాండు నేనే చేసుకున్నా, ఇప్పుడు చెప్పేది అదే.

ఇనుముతో చేయించుకోవచ్చు కదా అంటారు, చేయించుకోవచ్చు, ఆటోనగర్ వైపు వెళ్తే కొలతలిచ్చిన రెండు రోజుల్లో వెల్డింగ్ కొట్టి ఇచ్చేస్తారు. కాకపోతే చేపల తొట్టి దగ్గర తడి ఎప్పుడూ ఉంటుంది, పెయింట్ ఎక్కడ లేచినా తుప్పు అక్కడే మొదలవుతుంది, పైగా హాల్లో చూట్టానికి నాకైతే నచ్చదు. కర్రైతే మనమే కోసుకోవచ్చు, మనమే బాగు చేసుకోవచ్చు.

ఇక అసలు సూత్రం. మా ఇంటికి తలుపులు బిగించిన వడ్రంగి మేస్త్రి ఒకాయన ఉన్నాడు, పెద్దాయన. నేను గీసుకున్న బొమ్మ చూపిస్తే ఒక్క నిమిషం చూసి, పైన పట్టీని కాలి పక్కన పెట్టి స్క్రూలు కొట్టేద్దామని గీసుకున్న చోట వేలు పెట్టి, "బాబూ, మేకు ఉండేది కర్రని కదలకుండా పట్టుకోటానికి, మోయటానికి కాదు. మోసేది కర్రే. ఈ పట్టీ కాలి మీద కూర్చోవాలి గానీ కాలికి వేలాడకూడదు" అన్నాడు. ఈ ఒక్క ముక్క పట్టుకుంటే మీరు ఏ డిజైన్ చేసుకున్నా పర్లేదు. ట్యాంకు బరువు ప్లైవుడ్ మీదికి, ప్లైవుడ్ నుంచి పై చట్రం మీదికి, చట్రం నుంచి కాళ్ళ నెత్తి మీదికి, కాళ్ళ నుంచి నేలకి, ఎక్కడా స్క్రూ మీద పడకుండా దిగాలి. మీ బొమ్మలో స్క్రూలన్నీ మాయమైపోయినా స్టాండు నిలబడి ఉంటుందా అని ఊహించుకోండి, ఉంటుంది అనిపిస్తే డిజైన్ కరెక్టు.

చోటు ముందే తేల్చుకోండి. ఇండిపెండెంట్ హౌసులో గ్రౌండ్ ఫ్లోర్ అయితే బెంగ లేదు. అపార్ట్‌మెంట్‌లో పై అంతస్తైతే హాలు మధ్యలో, బాల్కనీలో పెట్టకండి, కింద బీము ఉన్న గోడని ఆనుకుని పొడవుగా పెట్టండి. ఇళ్ళ గదుల స్లాబుకి ఐఎస్ 875, అంటే కట్టడాల మీద బరువులకి మన దేశ ప్రమాణం, దాని లెక్క చదరపు మీటరుకి 200 కిలోలు, అది గదంతా పరుచుకున్న బరువుకి వేసిన లెక్క, మన ట్యాంకేమో ఆరు చదరపు అడుగుల్లోనే స్టాండుతో కలిపి 380 కిలోలు దించుతుంది. గోడ పక్కన బీము మీదైతే నాలుగడుగుల ట్యాంకుకి నేను భయపడలేదు, అదే ఆరడుగులదీ ఏడడుగులదీ అయితే ఇంజినీరుకి చూపించకుండా పెట్టొద్దు. కిటికీ ఎదురుగా కూడా వద్దు, మన బెజవాడ ఎండకి వారంలో నాచు పట్టి గాజు పచ్చగా అయిపోతుంది.

కర్ర సంగతికొద్దాం, ఇక్కడ కాస్త ఆగి చదవండి, సగం స్టాండు కలప అమ్మే అడితిలోనే తయారవుతుంది. టేకు బాగుంటుంది, డబ్బులుంటే తీసుకోండి, కానీ దీనికి టేకు అక్కర్లేదు. నేను వేప వాడాను. మన వైపు గుమ్మాలకి వేప వాడటం పాత అలవాటే, బరువు మోస్తుంది, చేదు కాబట్టి పురుగు తొందరగా ముట్టుకోదు, రేటు టేకుకంటే బాగా తక్కువ. నల్లమద్ది, సాల్ కూడా గట్టివే, కాకపోతే చేత్తో కోయాలంటే చేతులు పడిపోతాయి. తుమ్మ గురించి చెప్పక్కర్లేదు, బండి చక్రాలకీ నాగళ్ళకీ వాడిన కర్ర, కానీ తిన్నటి ముక్క దొరకటం కష్టం. పెట్టెలు కట్టే పైన్ చెక్కలు చవగ్గా వస్తాయి, వాటితో చేసేవాళ్ళూ ఉన్నారు, నేనైతే 340 కిలోలకి నమ్మను.

అడితిలో ముక్కని ఎలా చూడాలంటే, ఒక కొసన కన్ను పెట్టి రెండో కొస దాకా చూడండి, విల్లులా వంగినా, మెలి తిరిగినా పక్కన పడెయ్యండి, స్క్రూ కొట్టి సరిచేద్దాంలే అనుకోవద్దు, మెలి తిరిగిన కర్ర చట్రం మొత్తాన్ని తనతో పాటు తిప్పుతుంది. కొసన రంగు చూడండి. ముదురుగా ఉన్నది చేవ, అంచున పాలిపోయినట్టుండేది తెల్లచెక్క, తెల్లచెక్కలోనే పుచ్చు పట్టేది, కాబట్టి చేవ ఎక్కువున్న ముక్కలు ఏరుకోండి, అడితివాడు విసుక్కుంటాడు, విసుక్కోనివ్వండి. పెద్ద ముడి ఉన్న ముక్క కాళ్ళకి పనికొస్తుంది గానీ పై పట్టీలకి వద్దు, పట్టీ విరిగితే ముడి దగ్గరే విరుగుతుంది. ఆఖరికి తడి. వేలి కణుపులతో కొడితే ఎండిన కర్ర ఖంగుమంటుంది, పచ్చిది దబ్ అంటుంది. రెండు ఒకే సైజు ముక్కలు రెండు చేతుల్లో పట్టుకుంటే ఏది పచ్చిదో బరువే చెప్పేస్తుంది. ఎండినదే తెచ్చినా సరే ఇంట్లో ఫ్యాన్ గాలికి రెండు వారాలు ఉంచండి, ముక్కకీ ముక్కకీ మధ్య చిన్న పుల్లలు పెట్టి గాలి ఆడేలా పేర్చండి. డాబా మీద ఎండలో మాత్రం పడెయ్యకండి, మే నెల ఎండకి ఒక్క రోజులో బీటలిస్తుంది.

ప్లైవుడ్ 710 గ్రేడ్ అడగండి, షాపుల్లో సెవెన్ టెన్ అంటే చాలు, మెరైన్ ప్లై అది, ఐఎస్ 710 అని షీటు మీద ముద్ర ఉంటుంది చూసుకోండి. ఎంఆర్ గ్రేడ్ అంటే గాలిలో తేమకి తట్టుకుంటుంది గానీ నీళ్ళకి కాదు. పార్టికల్ బోర్డూ, చెక్క పీచు అదిమి చేసే ఎండీఎఫ్ సంగతైతే 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు చూసినవాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు. మా పిన్ని వాళ్ళింట్లో నీళ్ళు తీశాక వెళ్తే పార్టికల్ బోర్డు వార్డ్‌రోబ్ కింది భాగం పాలల్లో ముంచిన బన్ను లాగా ఉబ్బిపోయి ఉంది, చెయ్యి పెడితే ఊడొచ్చేసింది, దాని పక్కనే తాతల నాటి వేప మంచం మాత్రం బురద కడిగేస్తే మామూలే. అక్వేరియం దగ్గర వరద రాదు గానీ వారం వారం నీళ్ళు మార్చేటప్పుడు ఓ చెంబుడు ఒలకటం ఖాయం, ఏడాదికి యాభై చెంబులు.

కొలతలు. ముందు మీ ట్యాంకు అడుగు టేపుతో కొలవండి, లోకల్‌గా చేసిన ట్యాంకులు 48 అని చెప్పినా పావంగుళం అటూ ఇటూ ఉంటాయి. నేను 48 బై 18 అంగుళాలకి చెప్తున్నా, మీది తేడా ఉంటే సర్దుకోండి. కర్ర 4 బై 2 సైజు కోయించి అడితిలోనే చిత్రిక మిషన్ మీద నాలుగు వైపులా సాపు చేయించుకోండి, సాపు చేశాక అది 3¾ బై 1¾ అవుతుంది, కింద లెక్కలన్నీ ఆ సైజుకే. అలాగే 2 బై 2 కర్ర, అది 1¾ చదరం అవుతుంది.

4 బై 2 లో 48 అంగుళాల ముక్కలు 4, 14½ అంగుళాలవి 6, 22 అంగుళాలవి 4.
2 బై 2 లో 29¼ అంగుళాలవి 4.
18 ఎంఎం ప్లై ఒక పట్టీ, 18½ వెడల్పు, 8 అడుగుల పొడవు. దాంట్లోనే 48½ ముక్క పైకి, 44½ ముక్క కింది అరకి వచ్చేస్తాయి.
12 ఎంఎం ప్లై ఒక షీటు. వెనక్కి 48 బై 29½, పక్కలకి 18 బై 29½ రెండు.

కర్ర కొనేటప్పుడు సి.ఎఫ్.టి. లెక్క, అంటే ఘనపుటడుగులు, మందం అంగుళాల్లో, వెడల్పు అంగుళాల్లో, పొడవు అడుగుల్లో గుణించి 144 తో భాగించటమే. 4 బై 2 లో వేస్టేజీతో 34 అడుగులు అనుకుంటే 1.9, 2 బై 2 పది అడుగులు 0.3, మొత్తం రెండుంపావు సి.ఎఫ్.టి. లోపు. ఈ లెక్క కాగితం మీద రాసుకుని వెళ్ళండి, లేకపోతే అక్కడ క్యాలిక్యులేటర్ వాళ్ళ చేతిలో ఉంటుంది.

పై పట్టీలు 4 బై 2 ని నిలువుగా నిలబెట్టాలి, పడుకోబెట్టకూడదు. ఇదేదో మాటవరసకి చెప్పేది కాదు, అదే ముక్క పడుకోబెట్టిన దానికంటే నిలబెడితే నాలుగున్నర రెట్లు తక్కువ వంగుతుంది. మీ ఇంట్లో స్కేలు ఉంటే రెండు కొసలా పట్టుకుని పడుకోబెట్టి ఒకసారి, అంచు మీద నిలబెట్టి ఒకసారి వంచి చూడండి. చాలా రెడీమేడ్ స్టాండ్లలో పైన చెక్క పడుకునే ఉంటుంది, గాజుకి మధ్యలో బీటొచ్చే కారణాల్లో అదొకటి.

సామాన్లు పెద్దగా అక్కర్లేదు. రంపం, డ్రిల్ మిషన్, మూలమట్టం, రసమట్టం, టేపు, పెన్సిల్, ముక్కల్ని కలిపి బిగించి పట్టుకోటానికి నాలుగైదు జి క్లాంపులు. క్లాంపులు ఏ మేస్త్రినైనా అడిగితే రెండు రోజులకి ఇస్తాడు. ఫెవికాల్ మామూలుది కాకుండా మెరైన్ రకం తీసుకోండి. స్క్రూలు 3 అంగుళాలవి స్టీలువి 8 నంబరు ఒక డబ్బా, ప్లైకి అంగుళంన్నరవి. నల్లగా ఉండే జిప్సం స్క్రూలు చవకని తెచ్చుకోకండి, అవి పెళుసు, వేప కర్రలో సగం దిగాక తల టక్కున ఊడొస్తుంది, మిగతా సగం లోపలే ఉండిపోతుంది.

కోతలో ఒకటే జాగ్రత్త, ఒకే పొడవు ఉండాల్సిన ముక్కల్ని విడివిడిగా టేపుతో కొలిచి కోయొద్దు. నాలుగు కాళ్ళనీ పక్కపక్కన క్లాంపు వేసి ఒకే గీత గీసి కోయండి, లేదా మొదటి ముక్కని కొలతబద్దగా వాడండి. 22 అంగుళాలకి ఒక నూలు తగ్గినా, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు, పర్లేదు, కానీ నాలుగూ ఒకేలా తగ్గాలి. ఒక కాలు మాత్రమే తగ్గితే స్టాండు గుంటూరు బస్సులా ఊగుతుంది. కొసలు మూలమట్టం పెట్టి చూడండి, బరువంతా ఆ కొసల మీదే దిగేది, ఏటవాలుగా తెగితే కర్ర మీద కర్ర పూర్తిగా కూర్చోదు.

ఇప్పుడు కాళ్ళు. ఒక్కో కాలూ జంట కాలు, 22 అంగుళాల 4 బై 2 ముక్క, దాని వెడల్పు ముఖానికి 29¼ అంగుళాల 2 బై 2 పుల్ల అతికించాలి. 22 ముక్క బరువు మోసేది, పొడుగు పుల్ల పైనా కిందా చట్రాల మూలల్లోకి దూరి అన్నిటినీ కలిపి పట్టుకునేది. పుల్ల రెండు వైపులా సమానంగా బయటికి రావాలి, 3⅝ అంగుళాలు చొప్పున. చట్రం ఎత్తు 3¾ కాబట్టి ఒక నూలు లోపలికే ఉంటుంది, కావాలనే అలా పెట్టాం, పుల్ల పొరపాటున పైకి పొడుచుకొస్తే ప్లై దాని మీద కూర్చుని ఊగుతుంది. పుల్లని కాలి అంచుకి ఆనించి అతికించొద్దు, ఒక అంచు నుంచి సరిగ్గా పట్టీ మందం అంత, 1¾ వదలండి. కొలవక్కర్లేదు, మిగిలిన పట్టీ ముక్క ఒకటి అక్కడ పెట్టి దానికి ఆనించెయ్యండి. నాలుగు కాళ్ళూ ఒకేలా చేసేశాక కుడివీ ఎడమవీ వేరే కదా అని నాకు గుండె గుభేలుమంది, తీరా తిరగేసి చూస్తే కుడిదే ఎడమది అయిపోతోంది, రెండు కొసలా సమానంగా ఉంది కాబట్టి.

అతికించేటప్పుడు ఫెవికాల్ రెండు వైపులా పూసి, క్లాంపు బిగించి, మూడు స్క్రూలు. ప్రతి స్క్రూకీ ముందు బెజ్జం వెయ్యాల్సిందే, వేప గట్టిది, బెజ్జం లేకుండా కొడితే కొసలు చీలిపోతాయి. 8 నంబరు స్క్రూకి 3 ఎంఎం బిట్టు, పై ముక్కలో మాత్రం నాలుగున్నర ఎంఎం వెయ్యండి, అప్పుడే స్క్రూ పై ముక్కని కింది ముక్కకి లాగి బిగిస్తుంది, లేకపోతే మధ్యలో సందు అలాగే ఉండిపోతుంది. స్క్రూకి బట్టల సబ్బు రుద్దితే వెన్నలో దిగినట్టు దిగుతుంది.

చట్రాలు రెండూ ఒకటే రకం. ముందూ వెనకా 48 ముక్కలు, వాటి మధ్యలో రెండు చివర్లా ఒకటి, నడిమికి ఒకటి 14½ ముక్కలు. చదునైన నేల మీద పేర్చి ఫెవికాల్ పూసి ముందు నుంచి రెండేసి స్క్రూలు. ఈ స్క్రూలు అడ్డముక్క కొసలోకి దిగుతాయి కాబట్టి వాటికి పట్టు తక్కువ, కొసలో దిగిన స్క్రూ ఎప్పుడూ అంతే, అసలు పట్టు మూలలో పుల్ల వచ్చాక వస్తుంది, కంగారు పడకండి. బంక ఆరకముందే మూల నుంచి మూలకి టేపు పెట్టండి, రెండు వైపులా 51¼ రావాలి. ఒకవైపు ఎక్కువ వస్తే ఆ రెండు మూలల్నీ దగ్గరికి నొక్కండి, సమానం అయ్యేదాకా. ఒక రాత్రి వదిలెయ్యండి.

తెల్లారి కింది చట్రం నేల మీద పెట్టి నాలుగు మూలల్లో కాళ్ళు దించండి. కాలి వెడల్పు ముందు నుంచి వెనక్కి ఉండాలి, ఇది తప్పు పెట్టేవాళ్ళే ఎక్కువ. అలా పెడితేనే కాలి నెత్తి మీద సగం పొడుగు పట్టీ, మిగతా సగం పక్క పట్టీ కూర్చుంటాయి, రెండిటికీ కింద కర్ర ఉంటుంది. అడ్డం తిప్పి పెట్టారంటే పక్క పట్టీ గాల్లో వేలాడుతుంది, మళ్ళీ మేకు మీద బరువు. పుల్ల లోపలి మూలలో రెండు పట్టీలకీ ఆనుతుంది, లోపలి నుంచి ఒక్కో పట్టీలోకి రెండేసి స్క్రూలు వెయ్యండి, ఒకే ఎత్తులో వేస్తే లోపల ఒకదానికొకటి గుద్దుకుంటాయి, అంగుళం ఎడం పెట్టండి. తర్వాత పై చట్రం ఎక్కించి అదే పని. అర ప్లై దూర్చేటప్పుడు మూలల్లో పుల్లల కోసం చిన్న చదరాలు కోసుకోవాలి.

ఈ స్టేజిలో పైన చెయ్యేసి పక్కకి నెట్టి చూడండి, ఊగుతుంది. బాధపడొద్దు, ఊగాలి. నాలుగు కాళ్ళ స్టాండు ఏదైనా కిందికి బరువు మోస్తుంది గానీ పక్క తోపుకి ఆగదు, పిల్లాడు పరిగెత్తుకొచ్చి గుద్దితే ఒరిగేది అందుకే. ఇప్పుడు వెనక 12 ఎంఎం ప్లై పెట్టి అరడుగుకో స్క్రూ చొప్పున చుట్టూ కొట్టండి, పక్కలకి కూడా. మళ్ళీ నెట్టండి. గోడని నెట్టినట్టుంటుంది. వెనక ప్లైలో పైపులకీ వైర్లకీ మూడంగుళాల కన్నం రెండు చోట్ల కోసుకోవచ్చు, మూలలకి దగ్గరగా మాత్రం వద్దు. పైన 18 ఎంఎం ప్లై బంక పూసి పెట్టి స్క్రూ తలలు లోపలికి దిగేలా బిగించండి, ఒక్క తల పైకి లేచి ఉన్నా గాజుకి అదే శత్రువు.

నేను ఇక్కడ ఆగి మా బావమరిదినీ, వాడి ఫ్రెండ్స్ ముగ్గురినీ పిలిచి దాని మీద కూర్చోబెట్టా. నలుగురూ కలిపి 290 కిలోలు, టీ తాగి క్రికెట్ మాట్లాడుకుని అరగంట కూర్చున్నారు. కింద నుంచి పట్టీకి దారం లాగి కట్టి చూస్తే వంపు కనపడలేదు. మీరూ ఎవర్నన్నా కూర్చోబెట్టండి, ఖర్చు టీలే.

పెయింటింగ్ క్లుప్తంగా చెప్పేస్తా. 80 నంబరు శాండ్ పేపర్, తర్వాత 120, తర్వాత 220. కర్ర కనపడాలంటే పీయూ (పాలియురెథేన్) పాలిష్, లేదంటే ప్రైమర్ కొట్టి ఎనామెల్ రెండు కోట్లు. ఎక్కడ కొట్టకపోయినా ప్లై అంచులకీ, కింది చట్రం అడుగుకీ మాత్రం మూడు కోట్లు కొట్టండి, ప్లై నీళ్ళు తాగేది అంచు నుంచే, చట్రం అడుగేమో రోజూ ఇల్లు తుడిచే తడిగుడ్డకి తగులుతుంది. కాళ్ళ కింద వచ్చే చోట చట్రం అడుగున రబ్బరు ముక్కలు అతికిస్తే నేలకి ఆనకుండా ఉంటుంది. ఈ పనంతా వరండాలోనో డాబా మీదో చెయ్యండి, ఇంట్లో వేరే చిన్న ట్యాంకు నడుస్తుంటే ఆ గదిలో అస్సలు వద్దు, ఎయిర్ పంపు ఆ వాసనగాలినే పీల్చి నీళ్ళలోకి ఊదుతుంది, చేపలు పోతాయి. వాసన పూర్తిగా పోయేదాకా, ఒక వారం పైనే, స్టాండుని బయటే ఉంచండి.

చోటులో పెట్టాక రసమట్టం పొడవునా, వెడల్పునా, మూల నుంచి మూలకీ పెట్టి చూడండి. మన ఫ్లోర్లు నీళ్ళు పోటానికి వాటం ఇచ్చి వేస్తారు కాబట్టి ఎక్కడో ఒకచోట తేడా వస్తుంది. ఎత్తులు పెట్టాల్సింది స్టాండు కింద, ట్యాంకు కింద కాదు. దానికి అట్టముక్కలు వాడకండి, తడిసి నలిగిపోతాయి, సన్‌మైకా ముక్కలు ఏ ఫర్నిచర్ వర్క్ జరిగే చోటైనా ఊరికే దొరుకుతాయి, ఒక్కోటి ఎంఎం మందం, ఒకటో రెండో దోపితే సరిపోతుంది.

పైన అరంగుళం థర్మోకోల్ షీటు ఒకే ముక్క పరిచి దాని మీద ట్యాంకు పెట్టండి, కింద ఇసుక రేణువు ఉన్నా థర్మోకోల్ తనలోకి తీసుకుంటుంది. మీ ట్యాంకుకి కింద ప్లాస్టిక్ ఫ్రేము ఉండి అడుగు గాజు ఎత్తుగా ఉండే రకమైతే మాత్రం థర్మోకోల్ వద్దు. ట్యాంకు అంచులు నాలుగు వైపులా ప్లై లోపలే ఉండాలి, పావంగుళం బయటికి వచ్చినా ఒప్పుకోకండి.

నీళ్ళు ఒక్కసారిగా నింపెయ్యొద్దు. సగం పోసి గంట ఆగి, నాలుగు మూలల్లో నీటి మట్టం నుంచి గాజు పై అంచుకి స్కేలుతో కొలిచి కాగితం మీద రాసుకోండి, నీళ్ళకంటే కచ్చితమైన రసమట్టం లేదు. రెండు ఎంఎం తేడా ఉంటే వదిలెయ్యండి. ఐదూ ఆరూ ఎంఎం ఉంటే బద్ధకించకుండా నీళ్ళన్నీ తీసేసి ఎత్తులు సర్దండి, నీళ్ళతో ఉన్న ట్యాంకుని అంగుళం కూడా జరపొద్దు, నలుగురున్నాం కదా అని అస్సలు జరపొద్దు. బాగానే ఉంటే మిగతా సగం పోసి ఒక రోజంతా ఉంచి మళ్ళీ కొలవండి. నాకు మొదటి రోజు ముందు ఎడమ మూల 41 ఎంఎం, వెనక కుడి మూల 43 వచ్చింది, తర్వాత వానాకాలంలో ఓసారీ వేసవిలో ఓసారీ కొలిచినా అంతే.

కరెంటు బాక్సు స్టాండు లోపల కింది అరలో పెట్టకండి, పక్క ప్లైకి లోపలి వైపు ఎత్తులో బిగించండి. ప్రతి వైరూ బాక్సుకంటే కిందికి ఒకసారి వేలాడి మళ్ళీ పైకెక్కి ప్లగ్గులోకి వెళ్ళాలి, పంపు వైరు వెంట నీటిచుక్క జారుకుంటూ వచ్చినా ఆ వేలాడే చోట కింద పడిపోతుంది, బాక్సులోకి పోదు. తలుపులు నేను ఇంకా పెట్టలేదు, ముందు పాత చీర కర్టెన్ కట్టి నడిపిస్తున్నా, దాని వెనకే మేత డబ్బా, వల, బకెట్ అన్నీ.